లుకేమియా తిరగబెట్టిన పాపకు కార్-టి: పొలం అమ్మే ముందు తేల్చుకోవలసినవి

మీ మేనకోడలికి తొమ్మిదేళ్ళు. ఐదున్నరేళ్ళప్పుడు బి-సెల్ ఏఎల్‌ఎల్ అనే రక్త క్యాన్సర్ (లుకేమియా) అని తేలింది. రెండున్నరేళ్ళ కీమో పూర్తయింది. ఆపిన పది నెలలకు చెకప్‌లో ప్లేట్‌లెట్లు తగ్గితే అనుమానపడి బోన్‌మ్యారో (ఎముక మజ్జ) తీశారు, జబ్బు తిరగబెట్టిందన్నారు. మళ్ళీ కీమో మొదలెడదాం, తర్వాత బోన్‌మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ కావచ్చు, పాప సొంత రక్షణ కణాలనే మార్చి ఎక్కించే కార్-టి అని కొత్తది కూడా ఉంది అని డాక్టర్లు చెప్పారు. మీ అక్కా బావా రెండెకరాలు బేరం పెట్టారు. కార్-టితో పూర్తిగా నయమవుతుందా, ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది, అమెరికా తీసుకెళ్ళాలా అని మీరు నాకు రాసి అడిగారు.

పిల్లల రక్త క్యాన్సర్ వార్డులో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. పాప రిపోర్టులు నా ముందు లేవు కాబట్టి చివరి మాట మీ డాక్టరుగారిదే. అయినా మీరు రాసినదాన్ని బట్టే ఒక మాట గట్టిగా చెప్పగలను: ఈ నెల పొలం బేరం ఆపండి. పాపకు కార్-టి అవసరమే పడకపోవచ్చు. ఒకవేళ పడినా, డబ్బు కంటే ముందు చూసుకోవలసినవి ఉన్నాయి. వాటిలో కొన్నిటికి టైము దాటితే చేతిలో డబ్బున్నా పని జరగదు.

మీరు రాసినదాంట్లో నాకు బాగా పనికొచ్చిన ముక్క ‘ఆపిన పది నెలలకు’ అన్నది. తిరగబెట్టింది అనగానే ఇంట్లోవాళ్ళకు కాళ్ళ కింద నేల కదిలిపోతుంది, అది సహజం. మేం మాత్రం ముందు రెండు సంగతులు చూస్తాం: ఎప్పుడు తిరగబెట్టింది, ఎక్కడ తిరగబెట్టింది. మొదట జబ్బు బయటపడిన ఏడాదిన్నర లోపల, అంటే కీమో నడుస్తుండగానే మళ్ళీ వచ్చిందంటే ఆ కణాలు మందులకు లొంగని రకం. కీమో పూర్తయి ఆరు నెలలు దాటాక వస్తే లేట్ రిలాప్స్ అంటాం. మీ పాపది ఈ లెక్కలోకే వస్తుంది. ఈ రకంలో చాలామందికి పాత మందులే, మోతాదూ వరసా మార్చి ఇస్తే, మళ్ళీ పనిచేస్తాయి.

పనిచేశాయో లేదో చెప్పేది ఎమ్మార్డీ పరీక్ష, అంటే కీమో తర్వాత ఇంకా ఎంత జబ్బు మిగిలిందో చూసేది. ఇప్పుడు మొదలయ్యే కీమో మొదటి విడత నాలుగైదు వారాలుంటుంది. అది ముగిశాక మళ్ళీ బోన్‌మ్యారో తీస్తారు. మైక్రోస్కోప్ కింద మ్యారో శుభ్రంగా కనబడినంత మాత్రాన సరిపోదు. పదివేల కణాల్లో ఒక్క చెడ్డ కణం మిగిలినా, కణాల మీది గుర్తులను బట్టి లెక్కపెట్టే ఫ్లో సైటోమెట్రీలో దొరుకుతుంది. ఆ 0.01 శాతం గీతకు కింద ఉంటే లేట్ రిలాప్స్ పిల్లల్ని చాలా దేశాల్లో ట్రాన్స్‌ప్లాంట్ కూడా లేకుండా కీమోతోనే నడిపిస్తారు. బ్రిటన్‌లో ఇలాంటి పిల్లల్లో నూటికి డెబ్బైమంది దాకా జబ్బు మళ్ళీ రాకుండా ఉన్నారు. ఆ కీమో ఘాటైనది. మన దగ్గర ఇన్ఫెక్షన్ల బెడద ఎక్కువ కాబట్టి అంత ఫలితం ప్రతిచోటా రాదు. కానీ పాప ముందున్న దారుల్లో ఇదొకటని మీ ఇంట్లో ఎవరూ మీకు చెప్పినట్టు లేదు, అందుకే ముందు రాశాను.

ఎమ్మార్డీ గీతకు పైన మిగిలిందనుకోండి. అప్పుడు ట్రాన్స్‌ప్లాంట్ మాట గట్టిగా వస్తుంది. దానికి ముందు జబ్బును వీలైనంత కిందికి దించాలి. అందుకు ఇప్పుడు బ్లినాటుమోమాబ్ అనే మందు ఉంది. చిన్న పంపు, బ్యాగు తగిలించి 28 రోజులు ఆపకుండా ఎక్కిస్తారు. ఇది ఒక చేత్తో పాప సొంత టి-కణాన్నీ (ఒంటిని కాపాడే తెల్లకణం), ఇంకో చేత్తో లుకేమియా కణం మీదుండే సీడీ19 అనే గుర్తునూ పట్టుకుని రెంటినీ ఒకచోటికి తెస్తుంది. 2021లో వెలువడిన అధ్యయనాల్లో, మొదటిసారి తిరగబెట్టి ప్రమాదం ఎక్కువున్న పిల్లల్లో, ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందు ఘాటు కీమో కన్నా ఇదే మెరుగని తేలింది. ఇన్ఫెక్షన్లూ తక్కువ. ఖరీదైన మందే, కానీ కార్-టి అంత కాదు.

మరి కార్-టి ఎవరికి? కీమో ఎన్నిసార్లిచ్చినా జబ్బు అసలు తగ్గని పిల్లలకు, రెండోసారీ తిరగబెట్టినవాళ్ళకు, ట్రాన్స్‌ప్లాంట్ అయ్యాక మళ్ళీ వచ్చినవాళ్ళకు. అమెరికాలో 2017 ఆగస్టు 30న మొట్టమొదటి కార్-టి మందుకు అనుమతి ఇచ్చినప్పుడు కూడా 25 ఏళ్ళ లోపువారిలో లొంగని జబ్బు లేదా రెండోసారి, ఆ పైన తిరగబెట్టిన జబ్బు అనే షరతు పెట్టారు. మీ పాపకిది మొదటి రిలాప్స్, అదీ ఆలస్యంగా వచ్చినది. కార్-టి వరసలో ఆమె చివర్న ఉంది. అది మంచి వార్తే.

ఇంత చెప్పాక కూడా మీకు దీని సంగతి తెలిసుండటం మంచిది. ఎందుకంటే అవసరం పడిన రోజున ఆలోచించుకునే వ్యవధి ఉండదు.

మన రక్తంలో టి-కణాల పని, ఒంట్లో తేడాగా కనబడిన కణాన్ని చంపడం. లుకేమియా కణం ఒంట్లోదే కాబట్టి వాటి కంట పడకుండా తప్పించుకుంటుంది. కార్-టిలో చేసేదేమిటంటే, పాప టి-కణాలనే బయటికి తీసి, వాటి జన్యువుల్లోకి ఒక కొత్త రిసెప్టర్ తయారీ సూచనను నిర్వీర్యం చేసిన వైరస్ ద్వారా ఎక్కిస్తారు. ఆ రిసెప్టర్ బయటి కొస సీడీ19ను పట్టుకుంటుంది, లోపలి కొస ‘చంపు, నువ్వు పెరుగు’ అని కణానికి చెబుతుంది. ఈ ఊహకు ఆద్యుడు ఇజ్రాయెల్‌కు చెందిన జెలిగ్ ఎష్‌హార్, 1980ల చివర్లో. అప్పటి కణాలు ఒంట్లో ఎక్కువకాలం బతికేవి కావు. 4-1బీబీ అనే ముక్క జోడిస్తే నిలబడతాయని మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డారియో కంపానా బృందం చూపింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కార్ల్ జూన్ బృందం దాన్ని రోగి మంచం దాకా తెచ్చింది.

2012 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ళ పాప ఈ కణాలు ఎక్కించుకున్న మొదటి బిడ్డ. రెండుసార్లు తిరగబెట్టిన ఏఎల్‌ఎల్. కణాలు ఎక్కిన కొన్ని రోజులకే జ్వరం విపరీతంగా పెరిగింది, బీపీ పడిపోయింది, వెంటిలేటర్ మీదికి వెళ్ళింది. బతకదనుకున్నారు. రక్తంలో ఐఎల్-6 అనే పదార్థం విపరీతంగా ఉందని రిపోర్టు వచ్చింది. కార్ల్ జూన్ కూతురికి కీళ్ళవాతం ఉండటంతో ఐఎల్-6ను అడ్డుకునే టోసిలిజుమాబ్ గురించి ఆయనకు తెలుసు. డాక్టర్ స్టీఫన్ గ్రప్ బృందం అది ఇచ్చింది. గంటల్లో మలుపు తిరిగింది, ఏడో పుట్టినరోజుకు పాప కళ్ళు తెరిచింది. పదేళ్ళు దాటినా జబ్బు మళ్ళీ రాలేదు. ఆ టోసిలిజుమాబ్ మీకూ తెలిసే ఉంటుంది. కోవిడ్ రెండో వేవ్‌లో మన ఊళ్ళలో బ్లాకులో లక్షలు పెట్టి కొన్న ఇంజక్షన్ అదే. ఇవాళ ఏ ఆసుపత్రిలోనైనా కార్-టి ఎక్కించాలంటే ఆ ఇంజక్షన్ ముందే ఫ్రిజ్‌లో ఉండాలి.

ఎమిలీ వీడియో వాట్సాప్‌లో చూసి వచ్చే కుటుంబాలను చాలానే చూశాను. ఆ కథ నిజం. దాని పక్కన అంకెలు కూడా పెట్టుకోండి. అనుమతికి ఆధారమైన ఎలియానా అనే ట్రయల్‌లో 92 మంది పిల్లల్ని, యువకుల్ని చేర్చుకున్నారు. కణాలు ఎక్కింది 75 మందికే. మిగతా వాళ్ళలో కొందరికి కణాలు తయారు కాలేదు, కొందరు ఎదురుచూస్తుండగానే పోయారు, ఇంకొందరికి ఒళ్ళు తట్టుకునే స్థితి లేకపోయింది. ఎక్కిన 75 మందిలో మూడు నెలల్లో జబ్బు కనబడకుండా పోయింది 81 శాతానికి. మూడేళ్ళు ఆగి లెక్క చూస్తే, జబ్బు తిరగబెట్టడంలాంటి ఏ అవాంతరం లేకుండా ఉన్నవాళ్ళు 44 శాతం, ప్రాణంతో ఉన్నవాళ్ళు 63 శాతం. అన్ని దారులూ మూసుకుపోయిన పిల్లల్లో ఇది అద్భుతమే, అంతకు ముందు అలాంటివాళ్ళకు చెప్పుకోదగ్గ ఆశ ఏదీ లేదు. కానీ పాంప్లెట్లలో 81 ఉంటుంది, 44 ఉండదు. 81 చూసే పొలాలు అమ్ముతారు.

జబ్బు మళ్ళీ ఎందుకొస్తుందంటే రెండు దారులు. ఒకటి, ఎక్కించిన కణాలు నెలల్లోనే చచ్చిపోవడం. రెండోది, లుకేమియా కణం సీడీ19ను వదిలేసి కొత్త వేషంలో రావడం. అప్పుడు కార్-టి కణాలు ఒంట్లో తిరుగుతున్నా వాటికి పట్టుకోవడానికేమీ ఉండదు. అందుకే బ్లినాటుమోమాబ్ ఇచ్చిన బిడ్డకు తర్వాత కార్-టి అంటే, సీడీ19 ఇంకా ఉందా అని మళ్ళీ పరీక్ష చేయించి తీరాలి. రెంటికీ గురి ఒకటే. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు వేలల్లోనే. అది చూడకుండా లక్షల మందు ఆర్డరు పెట్టడం నాకు మింగుడుపడని సంగతి, అలా జరిగినవి చూశాను.

ఇక మన దేశం. ఐఐటీ బొంబాయిలో రాహుల్ పుర్వార్ బృందం, టాటా మెమోరియల్‌లో గౌరవ్ నరులా, హస్ముఖ్ జైన్ వంటి డాక్టర్లు కలిసి మన దేశపు కార్-టిని తయారుచేశారు. 2021 జూన్ 4న నవీ ముంబై ఖార్ఘర్‌లోని టాటా వారి క్యాన్సర్ కేంద్రం యాక్ట్రెక్‌లో దేశంలో మొదటిసారి ఎక్కించారు. ఐఐటీలో పుట్టిన ఇమ్యునోయాక్ట్ కంపెనీ దాన్ని నెక్స్‌కార్19 పేరుతో తెచ్చింది. 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది, 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము విడుదల చేశారు. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఇస్తున్నారు. మీరు గమనించాల్సింది ఒకటి: 2023లో వచ్చిన ఆ అనుమతి పదిహేనేళ్ళు, ఆ పైబడినవారికి. మీ పాపకు తొమ్మిది. అంతకన్నా చిన్నపిల్లలకు సాధారణంగా ట్రయల్ ద్వారానే దారి. ఏ ట్రయల్ పిల్లల్ని తీసుకుంటోంది, ఏది ఆపేసింది అన్నది నెలనెలా మారుతుంటుంది. ‘మీ పాపకు మా దగ్గర చేసేస్తాం’ అని ఎవరైనా ఫోన్లో చెబితే, ఏ అనుమతి కింద అని అడగండి. ట్రయల్ అయితే సీటీఆర్ఐ (మన దేశపు ట్రయల్స్ నమోదు పట్టిక) నంబరు ఉంటుంది. ఆ వెబ్‌సైట్ ఎవరైనా చూడొచ్చు, వయసు షరతు కూడా అందులోనే రాసి ఉంటుంది. ట్రయల్‌లో కణాల తయారీ ఖర్చు సాధారణంగా కుటుంబం మీద పడదు.

రెండో చోటు వెల్లూరు సీఎంసీ. మన ఆంధ్రావాళ్ళకు కాట్పాడిలో దిగడం కొత్తేమీ కాదు. వాళ్ళు కణాలను ఎక్కడికో పంపకుండా ఆసుపత్రిలోనే ఒక మూసిన యంత్రంలో తయారుచేసే పద్ధతిని వెల్‌కార్ట్ అనే ట్రయల్‌గా నడిపారు. గడ్డకట్టించి, పంపించి, కరిగించే గొడవ లేకుండా తాజాగా ఎక్కించవచ్చు, ఎదురుచూపూ తగ్గుతుంది. ఆ రక్త విభాగం ఇప్పుడు రాణిపేట క్యాంపస్‌లో ఉంది, ఊళ్ళోని పాత ఆసుపత్రికి వెళ్ళి తిరగకండి. బెంగళూరు ఇమ్యునీల్ వారి ఖార్టెమి పేరు కూడా మీకు ఎవరైనా చెబుతారు. 2025 జనవరిలో వచ్చిన ఆ మందు పెద్దవాళ్ళ లింఫోమాకు, మీకు పనికిరాదు.

టైము దాటితే జరగదన్నది కణాల సేకరణ గురించి. కార్-టికి ముడిసరుకు పాప సొంత టి-కణాలే. ఒక్కో కీమో విడత గడిచేకొద్దీ అవి తగ్గుతాయి, ఉన్నవీ నీరసిస్తాయి. రైతు ఇల్లు కాబట్టి చెబుతున్నాను, విత్తనపు గింజను పంటకు పురుగు పట్టకముందే తీసి దాచుకుంటారు కదా, ఇదీ అంతే. అన్ని కీమోలూ అయిపోయి, ట్రాన్స్‌ప్లాంటూ ఫెయిలయి, చివరి ఆశగా కార్-టికి వచ్చే పిల్లల్లో సేకరణ యంత్రం మూడు నాలుగు గంటలు తిరిగినా సంచిలో చాలినన్ని కణాలు పడవు. కాబట్టి ఎమ్మార్డీ తగ్గలేదని తెలిసిన రోజునే, కార్-టి చేయించాలని ఇంకా నిర్ణయించుకోకపోయినా, ‘కణాలు ఇప్పుడే తీసి దాచే వీలుందా, తీస్తే ఎక్కడ, ఎంతకాలం నిలవ ఉంటాయి’ అని అడగండి. ప్రతిచోటా కుదరదు, కానీ అడగకపోతే ఎవరూ ఆ మాట ఎత్తరు. సేకరణకు ముందు స్టెరాయిడ్ కొన్ని రోజులు ఆపాలి. అది టి-కణాలను చంపుతుంది. వేరే ఊరి ఆసుపత్రికి పంపేటప్పుడు పాప చివరి స్టెరాయిడ్ డోసు ఎప్పుడు వేసుకుందో కాగితం మీద రాయించుకుని వెళ్ళండి. ఈ చిన్న సంగతి వల్ల వెనక్కి తిరిగొచ్చిన కుటుంబాలున్నాయి.

తీసిన కణాలు తయారై రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోపు జబ్బు పెరగకుండా తేలికపాటి కీమో ఇస్తుంటారు. ఎక్కించే రోజుకు మ్యారోలో జబ్బు ఎంత తక్కువ ఉంటే ఫలితం అంత బాగుంటుంది, జ్వరాల తీవ్రతా అంత తగ్గుతుంది. ఎక్కించడానికి ముందు ఫ్లుడారబిన్, సైక్లోఫాస్ఫమైడ్ అని రెండు మందులు నాలుగైదు రోజులిస్తారు. ఒంట్లోని పాత తెల్లకణాలను ఖాళీ చేసి కొత్తవాటికి చోటివ్వడానికి.

ఎక్కించడం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. మంచులో వచ్చిన చిన్న సంచిని 37 డిగ్రీల నీళ్ళలో కరిగిస్తారు, అరగంటలోపే అయిపోతుంది. కణాలను గడ్డకట్టించేటప్పుడు కలిపే మందు వల్ల గదంతా ఉడికిన మొక్కజొన్నలాంటి వాసన. పిల్లలు ముక్కు మూసుకుంటారు, నోట్లో చప్పరించే బిళ్ళ ఒకటి పెడతాం.

అసలు టెన్షన్ ఆ తర్వాతి రెండు వారాలు. మొదట జ్వరం. కణాలు పెరుగుతూ జబ్బుతో పోరాడుతున్నప్పుడు వచ్చే ఈ రియాక్షన్‌ను సీఆర్ఎస్ అంటారు. ఎలియానాలో 77 శాతం పిల్లలకు ఏదో ఒక స్థాయిలో వచ్చింది. జ్వరం ఒక్కటే అయితే సరే, బీపీ తగ్గినా ఆక్సిజన్ తగ్గినా టోసిలిజుమాబ్, ఐసీయూ. రెండోది మెదడు మీద ప్రభావం. ఇది తల్లులకు ముందుగా చెప్పి ఉంచాల్సిన విషయం, ఎందుకంటే మొదట పసిగట్టేది వాళ్ళే.

మేం రోజూ ఉదయం సాయంత్రం రాయగలిగిన పిల్లల చేత ఒకే వాక్యం ఒక నోటుబుక్కులో రాయిస్తాం, వంద నుంచి పదేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టిస్తాం. నల్లగొండ వైపు నుంచి వచ్చిన పద్నాలుగేళ్ళ అబ్బాయి తన వాక్యం తనే ఎంచుకున్నాడు: ‘మా ఊరు మూసీ ఒడ్డున ఉంది.’ నాలుగు రోజులు దస్తూరీ ముచ్చటగా ఉంది. ఐదో రోజు సాయంత్రం ‘మా ఊరు’ దాకా బాగానే రాశాడు, తర్వాత ‘మ’ మీద పెన్ను అదే చోట సున్నాలు చుడుతూ ఉండిపోయింది. వాళ్ళమ్మ నిద్రమత్తు అనుకుంది. డ్యూటీ సిస్టర్ ఆ పేజీ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. స్టెరాయిడ్ మొదలుపెట్టాం, ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసిటామ్ ముందు నుంచే ఉంది. రెండు రోజులు అమ్మను కూడా పోల్చుకోలేదు. తర్వాత వాక్యం మెల్లగా తిరిగొచ్చింది, వత్తులతో సహా. ఎక్కువమందిలో ఇలా వచ్చి పోయేదే, కానీ గంటల్లో పట్టుకోవాలి. అందుకే కార్-టి చేసే ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు బిల్డింగ్ చూడకండి. పిల్లల ఐసీయూ ఉందా, రాత్రి రెండింటికి పిల్లల క్యాన్సర్ డాక్టరు వస్తారా, ఇంతవరకు చేసినవాళ్ళలో పిల్లలెందరు అని అడగండి.

నెలకు మ్యారో చూసి జబ్బు లేదంటే పండగే. అయితే అక్కడితో వదిలిపెట్టరు. సీడీ19 లుకేమియా కణాలమీదే కాదు, మామూలు బి-కణాలమీదా ఉంటుంది. కార్-టి రెంటినీ చంపుతుంది. అంటే పాపకు యాంటీబాడీలు తయారు కావు, నెలనెలా ఇమ్యూనోగ్లోబులిన్ ఎక్కించాల్సి వస్తుంది. అది కూడా ఖర్చే, ఎవరూ అంచనాలో వెయ్యరు. విచిత్రమేమంటే ఈ లోపమే మాకు ధైర్యం: బి-కణాలు లేవంటే కార్-టి కణాలు కాపలా ఉన్నాయని అర్థం. మొదటి ఆరు నెలల్లోపే బి-కణాలు తిరిగి కనబడితే కాపలా సడలిందని అనుమానించి, అప్పుడు ట్రాన్స్‌ప్లాంట్ ఆలోచిస్తారు. కాబట్టి ‘కార్-టి చేస్తే ట్రాన్స్‌ప్లాంట్ ఖర్చు తప్పుతుంది’ అన్న లెక్క కొందరికే నిజం. అరుదుగా కొందరిలో ఆ టి-కణాలే కొత్త క్యాన్సర్‌గా మారిన సంఘటనలు చూసి అమెరికా నియంత్రణ సంస్థ 2024 జనవరిలో హెచ్చరిక చేర్చమంది. పదిహేనేళ్ళు ఫాలో అప్ ఉండాలని అందుకే అంటారు. తిరగబెట్టిన లుకేమియా ముందు ఆ ప్రమాదం చాలా చిన్నదే, దాని గురించి నిద్ర పాడుచేసుకోవద్దు.

డబ్బు. అమెరికాలో మొదటి మందు ధర 2017లో 4,75,000 డాలర్లు, అది కణాలకే, ఆసుపత్రి వేరు. మన దగ్గర నెక్స్‌కార్19 దానిలో పదో వంతు, సుమారు నలభై లక్షల మాట. ఆసుపత్రి గదులు, ఐసీయూ, టోసిలిజుమాబ్, రక్తం, ప్లేట్‌లెట్లు, ముందూ వెనకా కీమో దీనిపైన. సగమే కలిసిన దాతతో చేసే హాఫ్-మ్యాచ్ ట్రాన్స్‌ప్లాంట్‌కు ప్రైవేటులో సుమారు పదిహేను నుంచి ముప్ఫై లక్షల దాకా అవుతుంది. మామూలు కీమోకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్యసేవ పనిచేస్తాయి. హైదరాబాద్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జేలో ఈ కీమో చేతి ఖర్చు లేకుండా జరుగుతుంది. పెద్ద ఖర్చులకు సీఎం రిలీఫ్ ఫండ్ ఎల్‌ఓసీ (ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రం), ప్రధానమంత్రి సహాయనిధి దరఖాస్తులు అడ్మిషన్‌కు ముందే ఎస్టిమేట్ కాగితంతో పెట్టుకోవాలి. డిశ్చార్జ్ అయ్యాక ఎల్‌ఓసీ అడిగితే ఇవ్వరు. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉంటే నోటిమాట నమ్మకండి, కార్-టి కవరవుతుందని రాతపూర్వకంగా తెప్పించుకోండి. ముంబైలోనో వెల్లూరులోనో నెలల తరబడి ఉండాల్సి వస్తే సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్లు క్యాన్సర్ పిల్లల కుటుంబాలకు ఉచితంగా గది ఇస్తాయి. ఆసుపత్రి సోషల్ వర్కర్ రాసి పంపాలి, మీరు నేరుగా వెళితే కుదరదు.

అమెరికా మాటకు వస్తే, మీ బావగారి తమ్ముడు డాలస్‌లో ఉన్నారని రాశారు. ఆయన ఆదుర్దా అర్థమవుతుంది. వీసా, ఆసుపత్రి డిపాజిట్, ఇన్సూరెన్స్ లేని రోగి బిల్లు, ప్రయాణానికి తట్టుకునేన్ని రక్తకణాల కౌంట్లు, ఇవన్నీ సర్దుకునేసరికి జబ్బు ఆగదు. లేట్ రిలాప్స్‌కు ఇప్పుడు కావలసిన మందులు హైదరాబాద్‌లో ఉన్నవే. ఆయన చేయగలిగిన మేలు ఒకటుంది: పాప రిపోర్టులతో అక్కడి పిల్లల ఆసుపత్రిలో రెండో అభిప్రాయం వీడియోలో ఇప్పించడం. అమెరికాకు పెట్టాలనుకున్న డబ్బు ఇక్కడి బ్లినాటుమోమాబ్‌కు పంపితే ఇంకా మేలు. టి-సెల్ లుకేమియా అయ్యుంటే నా జవాబు కొంచెం వేరుగా ఉండేది. అక్కడ గురి కుదరడం కష్టం, కార్-టి కణాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 2022లో లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రిలో అలిస్సా అనే పదమూడేళ్ళ పాపకు దాత కణాల జన్యువులు మార్చి ఆ చిక్కు విప్పారు. మీది బి-సెల్, ఆ బెంగ లేదు.

ఇంకో రకం ఫోన్లు కూడా వస్తాయి మీకు. ‘సెల్ థెరపీ’, ‘ఇమ్యూనిటీ కణాలు’ అంటూ, సిటింగ్‌కు ఇంత అని. వాటికీ దీనికీ పేరులో తప్ప పోలిక లేదు. కీమో మధ్యలో ఆపి అక్కడికి వెళ్ళినవాళ్ళ ఫైళ్ళు మా దగ్గరికి తిరిగొచ్చేసరికి మ్యారో నిండిపోయి ఉంటుంది.

ఈ వారం చేయాల్సింది ఇదీ. మ్యారో రిపోర్టులో ఫ్లో సైటోమెట్రీ పేజీ కాపీ తీసుకోండి, సీడీ19, అలాంటిదే ఇంకో గుర్తు సీడీ22 ఎంత శాతం కణాల మీద ఉన్నాయో దానిలో ఉంటుంది. జన్యు పరీక్ష పంపారా, ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అనే జన్యు మార్పు ఉందేమో చూశారా అని అడగండి. ఉంటే దానికి విడిగా బిళ్ళలున్నాయి, మొత్తం దారే మారుతుంది. ఎక్కడ తిరగబెట్టిందో తెలియడానికి నడుం నీళ్ళలో (వెన్ను నుంచి సూదితో తీసే నీరు) జబ్బు ఉందో లేదో తేలాలి. కీమో ఏ రోజు మొదలవుతుంది, ఎమ్మార్డీ ఏ తేదీకి వస్తుంది అని రాసుకోండి. ఆ తేదీకి కౌన్సెలింగ్‌కు పాప అమ్మానాన్నలతో మీరూ వెళ్ళండి. పాపకు తమ్ముడున్నాడన్నారు కాబట్టి ట్రాన్స్‌ప్లాంట్ ఖాయం కాకముందే, దాతగా కలుస్తాడా అని చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్షకు వాడి శాంపిల్ ఇప్పించండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళలో ఒక్కొక్కరికి పూర్తిగా కలిసే అవకాశం పాతిక శాతం. రిపోర్టు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దితే చాలని పిల్లాడికి ముందే చెప్పండి, సూది అనుకుని ఏడుస్తారు.